రాయి తిరగేశారా? మళ్లీ అలాగే బోర్లించండి

సంపాదకుల వారికి నమస్కారం.

కార్తీక మాసం దగ్గర పడింది. వనభోజనాలకని హైదరాబాద్ నుంచి కార్లూ బస్సులూ వికారాబాద్ అనంతగిరికీ, నల్లమలలో మల్లెలతీర్థానికీ, ములుగు దాటి బొగతకూ బయల్దేరతాయి. నాలుగు రోజులు సెలవు దొరికినవాళ్లు మారేడుమిల్లి, అరకు దాకా వెళ్తారు. వంట ఉసిరి చెట్టు కింద, ఆటలు పక్కనున్న వాగులో. ‘నీళ్లు చూడు, అద్దంలా ఉన్నాయి’ అన్న మాట అక్కడ పదిసార్లయినా వినిపిస్తుంది. నీళ్లు తేటగా ఉండటం వేరు, వాగు ఆరోగ్యంగా ఉండటం వేరు. రెండోది తెలియాలంటే నీళ్లలోని రాయి కిందికి చూడాలి. అక్కడ బతికే ఒక పురుగు గురించీ, ఆ రాయితో మనం చేస్తున్న పొరపాటు గురించీ మీ పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాం. కాస్త పెద్దదే అయింది, మన్నించాలి.

పురుగు పేరు స్టోన్‌ఫ్లై. తెలుగులో జనం నోట నలిగిన పేరు దీనికి లేదు. పేరులో ఈగ ఉన్నా ఇది ఈగ కాదు. ఈగకు రెండు రెక్కలు, దీనికి నాలుగు. వాలినప్పుడు ఆ నాలుగింటినీ వీపు మీద ఒకదానిపై ఒకటి బల్లపరుపుగా మడిచి పెట్టుకుంటుంది. ఈ వర్గానికి ప్లెకోప్టెరా అన్న గ్రీకు పేరు రెక్కలను బట్టే వచ్చింది. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఉన్న ఈ వర్గంలో 3,500కు పైగా జాతులను గుర్తించారు. చల్లటి దేశాల్లో మంచు మీద నడుస్తూ కనిపించే రకాలూ ఉన్నాయి. దక్షిణ భారత కొండవాగుల్లో ఎక్కువగా ఎదురయ్యేవి పెర్లిడే కుటుంబానివి, అందులోనూ నియోపెర్లా ప్రజాతివి. మేం చెప్పేది ముఖ్యంగా వాటి గురించే.

దీని బతుకులో ఎక్కువ కాలం నీళ్లలోనే, పిల్లపురుగుగా గడిచిపోతుంది. సీతాకోకచిలుకకు ఉన్నట్టు మధ్యలో ప్యూపా దశ ఉండదు. గుడ్డు, పిల్లపురుగు, రెక్కల పురుగు, అంతే. పిల్లపురుగు పదిసార్లకు తగ్గకుండా, కొన్ని జాతుల్లో ఇరవైసార్లకు పైగా కుబుసం విడుస్తూ పెరుగుతుంది. ఇదంతా జరగడానికి అది కోరే చోటు మాత్రం చాలా కచ్చితమైనది. మోకాలి లోతు లోపల నీళ్లు రాళ్ల మీద విరుచుకుపడి, తెల్లగా నురగ కడుతూ పారే ఒరవడి కావాలి. అడుగున కొబ్బరికాయంత, అంతకు కాస్త పెద్ద రాళ్లు వదులుగా పేర్చినట్టుండాలి. రాయికీ రాయికీ మధ్య వేలు దూరేంత సందు ఉండాలి. ఆ సందే దాని ఇల్లు. ఒంటిని పైనుంచి నొక్కినట్టు బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి రాయిని కరుచుకుంటే నీటి తోపుడు దాని మీద పెద్దగా పడదు. ఒక్కో కాలి చివర రెండేసి గోళ్లు ఉంటాయి. వెలుతురు తగిలితే చీకటి వైపు పరుగు తీస్తుంది, ఒళ్లు ఏదో ఒకదానికి ఆనుకుని ఉంటేనే కుదురుగా ఉంటుంది. రాయిని పైకి తీయగానే అంచు చుట్టూ తిరిగి అవతలి ముఖానికి జారుకునేది ఇదే.

అంత ఒరవడి ఎందుకంటే, దాని శ్వాస అందులోనే ఉంది. పెర్లిడే పిల్లపురుగుకు కాళ్ల మొదళ్ల దగ్గర, రొమ్ము కింద తెల్లటి దారపు కుచ్చుల్లాంటి మొప్పలుంటాయి. చేపలా నోటితో నీళ్లు తాగి మొప్పల మీదుగా వదిలే ఏర్పాటు దీనికి లేదు. పారే నీరే వచ్చి ఆ కుచ్చులను కడిగి వెళ్లాలి. నీటిలో ప్రాణవాయువు తగ్గితే ఆరు కాళ్లూ రాయికి ఆనించి ఒంటిని పైకీ కిందికీ ఊపుతుంది, అచ్చం కసరత్తులో దండీలు తీసినట్టు. ఆ ఊపుతో మొప్పల చుట్టూ ఉన్న వాడిన నీరు కదిలి కొత్త నీరు తగులుతుంది. పళ్లెంలోకి తీసిన పురుగు ఇలా ఊగుతుంటే చూసేవాళ్లు ఆడుకుంటోందని మురిసిపోతారు. నిజానికి దానికి ఊపిరాడటం లేదు. వెంటనే వాగులో వదిలేయాలి.

ఇక్కడ వేడి లెక్క చూడాలి. సముద్రమట్టం దగ్గర 10 డిగ్రీల సెల్సియస్ నీరు లీటరుకు సుమారు 11.3 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టి ఉంచుతుంది. 20 డిగ్రీల దగ్గర అది 9.1, 30 డిగ్రీల దగ్గర 7.6 మాత్రమే. 1,000 మీటర్ల ఎత్తుకు వెళ్తే గాలి పలచబడి ఇందులో ఇంకో పదో వంతుకు పైగా తగ్గుతుంది. అదే సమయంలో నీరు 10 డిగ్రీలు వేడెక్కితే పురుగు ఒంటికి కావలసిన ప్రాణవాయువు సుమారు రెట్టింపవుతుంది. రాబడి తగ్గుతూ ఖర్చు పెరిగే ఇల్లు ఎన్నాళ్లు నిలుస్తుంది? వాగు మీద కమ్ముకున్న చెట్లు నరికితే నీళ్లలో చుక్క మురికి కలవకుండానే ఈ పురుగు పోతుంది. అమెరికాలో హిమనదాలు, మంచు కరిగిన చల్లటి నీటి వాగుల్లో బతికే రెండు స్టోన్‌ఫ్లై జాతులను 2019లో అక్కడి ప్రభుత్వం ముప్పులో ఉన్న జీవుల జాబితాలో చేర్చింది కూడా ఈ వేడి లెక్క వల్లే.

పెర్లిడే పిల్లపురుగు వేటగాడు. బాగా చిన్నప్పుడు నాచుపొరా, కుళ్లిన ఆకు ముక్కలూ తిని పెరిగినా, ఎదిగాక తనలాగే వాగులో పెరిగే వేరే కీటకాలను, అంటే మేఫ్లై పిల్లలను, చిరుదోమల పిల్లలను, కాడిస్‌ఫ్లై పురుగులను పట్టి తింటుంది. పొడుగాటి మీసాలతో, తోక చివరి రెండు తీగలతో తడుముకుంటూ ఎక్కువగా చీకటి పడ్డాకే తిరుగుతుంది. వాగులో రాత్రిపూట నడిచే ఈ ప్రపంచం పగలు వచ్చి వెళ్లే మనకు అసలు తెలియదు. పొద్దుగూకిన గంటలో వందలకొద్దీ చిన్న పురుగులు రాళ్లను వదిలి ఒరవడితో కిందికి కొట్టుకుపోతూ కొత్త చోట్లు వెతుక్కుంటాయి. ఎగువన బాగున్న వాగు దిగువన పాడైన చోటును తిరిగి నింపగలిగేది ఎక్కువగా ఈ ప్రయాణం వల్లే. మధ్యలో పొడుగాటి మడుగో, మురుగు కలిసే చోటో ఉంటే ఆ దారి తెగిపోతుంది.

ఎదగడం పూర్తయ్యాక పిల్లపురుగు సాధారణంగా రాత్రిపూట ఒడ్డు రాయి మీదికి పాకుతుంది. నీటికి జానెడో మూరెడో పైన గోళ్లు బిగించి, వీపు నిలువునా చీల్చుకుని రెక్కల పురుగుగా బయటపడుతుంది. పొట్టు మాత్రం రాయిని పట్టుకునే ఉండిపోతుంది. రెక్కల పురుగు కొద్ది రోజులు, మహా అయితే కొన్ని వారాలు బతుకుతుంది. పెర్లిడేల్లో చాలావాటికి నోరు తిండికి పనికొచ్చేంత గట్టిగా ఉండదు, నీళ్లు తాగి సరిపెట్టుకుంటాయి. ఎగరడంలోనూ అంతంత మాత్రమే, అందుకే వాగును వదిలి దూరం పోవు. ఈ వర్గంలో చాలా జాతుల మగవి పొట్ట చివరతో కొమ్మను గానీ ఆకును గానీ దరువు వేసినట్టు తడతాయి. జత కోరే ఆడది తిరిగి తడుతుంది. ఏ జాతి దరువు ఆ జాతిదే. ఆ కబురు వెళ్లేది గాలిలో కాదు, కొమ్మ కదలికలో. జత కట్టాక ఆడది నీటి మీద పొట్ట తాకించి గుడ్లు వదులుతుంది. అవి అడుక్కి దిగి రాళ్లకు అంటుకుంటాయి. పుట్టినా పెరిగినా రెక్కలొచ్చినా అన్నిటికీ దానికి రాయే దిక్కు.

ఒక సీసాలో పట్టిన నీరు, పట్టిన ఆ నిమిషం సంగతే చెబుతుంది. రాత్రి వదిలిన మురుగు తెల్లారేసరికి దాటిపోతే సీసాకు దొరకదు. రాయి కింద రెండు సెంటీమీటర్ల పిల్లపురుగు దొరికిందంటే, నెలల తరబడి ఏ రోజూ ఆ చోట ఊపిరి ఆగలేదని అర్థం. మన నగరంలో చాలామంది జేబులో పెట్టుకు తిరిగే టీడీఎస్ పెన్ను ఈ పని చేయలేదు. అది నీటిలో విద్యుత్ ఎంత సులువుగా పారుతోందో కొలిచి, దాన్ని లవణాల లెక్కలోకి మార్చి చూపిస్తుంది. ప్రాణవాయువు గానీ, లీటరుకు మైక్రోగ్రాముల్లో ఉండే పురుగుమందు గానీ దానికి కనిపించవు. కొండవాగులో పెన్ను 50 చూపించిందని సంబరపడటంలో అర్థం లేదు, కొండనీటిలో లవణాలు మామూలుగానే తక్కువ.

ఇక చూడటం ఎలాగో చెబుతాం. ముందు చెప్పాల్సిన మాట, నీళ్లలో చెయ్యి పెట్టకుండానే సగం పని అవుతుంది. ఒరవడి పక్కన నీటిపైకి పొడుచుకొచ్చిన బండల నీడ ముఖం, దిగువ వైపు ముఖం వెతకండి. గోధుమరంగు ఖాళీ పొట్టు రాయిని పట్టుకుని ఉంటుంది. వీపు మధ్యన చీలిక, లోపల తెల్లటి సన్నని పోగులు, వెనక రెండు తోకలు కనిపిస్తాయి. ఆ పోగులు పాత ఊపిరి గొట్టాల పొరలు. ఇలాంటి పొట్లు పదడుగుల ఒడ్డులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, పక్కన నాణెం పెట్టి ఫొటో తీసుకోండి. పిల్లలతో వెళ్లినవాళ్లకు మేం చెప్పేది ఇంతవరకే. ఇందులో ఏ ప్రాణికీ నష్టం లేదు. గట్టి వాన పడితే పొట్లు కొట్టుకుపోతాయి కాబట్టి నాలుగైదు పొడి రోజుల తర్వాత చూడటం మంచిది.

కాలేజీ విద్యార్థులు, పర్యావరణ క్లబ్బులవాళ్లు ఇంకో అడుగు వేయవచ్చు. రిజర్వు అడవిలో అయితే అటవీశాఖ అనుమతి తీసుకున్నాకే. కావలసినవి తెల్లటి ప్లాస్టిక్ పళ్లెం, మెత్తటి రంగుల కుంచె, పదింతలు చూపే భూతద్దం, థర్మామీటరు, అర మిల్లీమీటరు కళ్లున్న జాలీ వల. దోమతెర గుడ్డతోనూ పని నడుస్తుంది గానీ దాని కళ్లు పెద్దవి, బుల్లి పురుగులు జారిపోతాయి, పెద్ద పెర్లిడేలు మాత్రమే దొరుకుతాయి. దిగువ నుంచి ఎగువకు నడవాలి. ఎగువ నుంచి దిగితే మీ కాళ్లు లేపిన బురదే మీ వలలో పడుతుంది. వల నోరు ఒరవడికి ఎదురుగా నేలకు ఆనించి, దాని ముందు అడుగు పొడవూ అడుగు వెడల్పూ ఉన్న చోటును ఎంచుకోండి. అందులోని పెద్ద రాళ్లను ఒక్కొక్కటిగా ఎత్తి, వల ముందే నీళ్లలో ఉంచి అరచేత్తో రుద్దండి. తర్వాత మిగిలిన గులకను బెత్తెడు లోతు దాకా కాలితో కదపండి. ఒక నిమిషం చాలు. ఇలా ఒరవడిలో రెండు చోట్ల, ఆకులు పోగుపడ్డ అంచులో ఒక చోట చేస్తే మూడు నిమిషాల నమూనా అవుతుంది. పళ్లెం నీడలో పెట్టాలి, చూడటం పది నిమిషాల్లో ముగించాలి, మధ్యలో నీళ్లు మార్చాలి. తెల్లటి పళ్లెం ఎండలో ఉంటే నీరు త్వరగా కాగి పురుగులు చచ్చిపోతాయి.

గుర్తుపట్టడంలో ఎక్కువమంది తప్పుచేసేది మేఫ్లై పిల్ల దగ్గర. మేఫ్లైకి మూడు తోకలు, స్టోన్‌ఫ్లైకి రెండు అని పుస్తకాల్లో చదివి తోకలే లెక్కపెడతారు. కొండవాగుల్లో రెండు తోకలే ఉన్న మేఫ్లైలూ ఉన్నాయి, పైగా పట్టుకునేటప్పుడు ఒక తోక ఊడిపోవడం మామూలే. కాబట్టి కాలి చివర చూడండి. గోరు ఒక్కటే ఉంటే మేఫ్లై, రెండుంటే స్టోన్‌ఫ్లై. పొట్టకు రెండు పక్కలా వరసగా ఆకుల్లాంటి మొప్పలు ఆడుతుంటే అది మేఫ్లై. పొట్ట పక్కలు ఖాళీగా ఉండి చంకల్లో తెల్లకుచ్చులుంటే పెర్లిడే. తోక చోట మూడు ఆకులుంటే సన్నతూనీగ పిల్ల. నియోపెర్లాకు పెద్ద కళ్ల మధ్య చుక్కల్లాంటి చిన్న కళ్లు సాధారణంగా ఉండే మూడుకు బదులు రెండే ఉంటాయి, ఇది భూతద్దంలో తెలుస్తుంది. ఇంతకుమించి ‘ఫలానా జాతి’ అని రాయకండి. నియోపెర్లాలో జాతిని తేల్చేది మగ పురుగు జననాంగం, గుడ్డు పెంకు మీది నగిషీ. పిల్లపురుగును చూసి జాతి పేరు చెప్పడం కుదరదు. గట్టి సందేహాలకు మన అత్తాపూర్ దగ్గరే భారత జంతు సర్వేక్షణ సంస్థ వారి మంచినీటి జీవశాస్త్ర ప్రాంతీయ కేంద్రం ఉంది.

దొరికినవాటికి మార్కులు వేసే పద్ధతి ఒకటుంది. బ్రిటన్‌లో 1970ల చివర్లో మొదలైన ఈ పద్ధతిలో ఒక్కో నీటిజీవుల కుటుంబానికి ఒకటి నుంచి పది దాకా మార్కులిస్తారు. మురుగును అసలు ఓర్వలేనివాటికి పది, ఎంత మురుగైనా తట్టుకునేవాటికి ఒకటి. పెర్లిడేకి పది. రాయికి అతుక్కుని ఉండే హెప్టజెనియిడే మేఫ్లైకీ పదే. వలకట్టే కాడిస్‌ఫ్లై హైడ్రోసైకిడేకి 5, బీటిడే మేఫ్లైకి 4, చిరుదోమ పిల్లలకు 2. ఈ అయిదూ ఒక చోట దొరికితే మొత్తం 31, అయిదుతో భాగిస్తే సగటు 6.2. అదే వాగులో కిలోమీటరు కింద మొదటి రెండూ మాయమైతే మొత్తం 11, మూడుతో భాగిస్తే 3.7. ఒక్కో కుటుంబం ఉందా లేదా అన్నదే లెక్క, వంద పురుగులు దొరికినా ఒకటి దొరికినా మార్కు ఒక్కటే. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఈ పద్ధతినే మన దేశానికి సరిపడా మార్చుకుంది. అందులో సగటు 7, ఆపైన ఉంటే శుభ్రమైన నీరు.

రెండు మార్కులు వచ్చిన చిరుదోమ పిల్లల్లో ఎర్రటి రకాన్ని మన నగరవాసులు ఇప్పటికే చూసి ఉంటారు. ఆ ఎరుపు మన రక్తంలో ఉండేలాంటి హిమోగ్లోబినే, ప్రాణవాయువు కొరవడిన బురదలో కూడబెట్టుకోవడానికి. చేపల తొట్టెల దుకాణాల్లో మేతగా అమ్మే ట్యూబిఫెక్స్ ఎర్రపురుగులూ అలాంటి బురదవాసులే. నాలాల్లో అవి కిక్కిరిసి ఉంటాయి. కాబట్టి పురుగులు బోలెడు ఉన్నంత మాత్రాన నీరు మంచిదని అనుకోకూడదు. ఏ పురుగులన్నదే ప్రశ్న.

ఇప్పుడు ఒక హెచ్చరిక. స్టోన్‌ఫ్లై ఉంటే వాగు బాగున్నట్టే, కానీ లేకపోతే పాడైనట్టు కాదు. గండిపేట నీళ్లు ఎంత మంచివైనా అందులో ఇది దొరకదు, అది నిలువ నీరు. ఇసుక అడుగున్న వాగులో దొరకదు, ఎండాకాలం ఎండిపోయే వాగులో దొరకకపోవచ్చు. వరద వచ్చి వెళ్లిన వారంలో వెతికితే రాళ్లన్నీ కడిగేసినట్టుంటాయి. అందుకే ఒక్క చోట చూసి తీర్పు చెప్పడం తప్పు. రిసార్టుకో, ఊరికో, క్వారీకో ఎగువన ఒక చోటూ దిగువన ఒక చోటూ తీసుకోండి. రెండూ ఒకేలాంటి ఒరవడి, ఒకేలాంటి రాళ్లు, ఒకే నీడ అయి ఉండాలి. అదే రోజు, ఒకే మనిషి, ఒకే వలతో అంతే సేపు వెతకాలి. ఎగువన ఉండి దిగువన లేదంటే, మధ్యలో ఏదో జరుగుతోందని గట్టిగా అడగవచ్చు. రోజులు కూడా చూసుకోవాలి. వానలు వెనక్కి తగ్గి నీళ్లు తేరుకున్నాక, నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి అదను.

మేం చూస్తున్నంతలో వాగు ఒరవళ్లకు అన్నిటికన్నా పెద్ద దెబ్బ సన్నమట్టి. కొండను చెక్కి రోడ్డు వేసినప్పుడు తవ్విన మట్టిని లోయ వైపుకే తోసేస్తారు. మొదటి వానకే అది వాగులోకి దిగుతుంది. నీళ్లు వారంలో తేటపడతాయి, కానీ మట్టి రాళ్ల సందుల్లో కూర్చుండిపోతుంది. పైనుంచి చూస్తే అద్దంలా ఉన్న వాగులో కింద ఇళ్లన్నీ పూడిపోయి ఉంటాయి. దీన్ని కొలవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. ఒరవడిలో పది రాళ్లు ఎంచుకుని ఒక్కొక్కటీ నిదానంగా ఎత్తండి. మట్టిలో దిగబడిన భాగానికీ నీళ్లలో ఉన్న భాగానికీ మధ్య గీత స్పష్టంగా కనిపిస్తుంది. రాయిలో పావు వంతు లోపు దిగబడి ఉంటే చాలా మంచిది. సగం దాటితే పురుగుకు చోటు కరువైనట్టే. ముప్పావు దాటితే అక్కడ పెర్లిడేను వెతకడం వృథా. రాయి కింది ముఖం నల్లగా ఉండి కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే అక్కడ ప్రాణవాయువు అందడం లేదని అర్థం. రోడ్డు పనుల్లో మట్టిని వాగు వైపు కాకుండా కొండ వైపు పోయించడం, వానకాలానికి ముందే అంచున రాతికట్టు వేయించడం అధికారులు చేయగలిగిన పనులు. వాగులో మట్టి దిగాక తీయడం మాత్రం ఎవరి తరమూ కాదు. యంత్రంతో తోడితే రాళ్లూ పోతాయి.

రెండోది మన చేతులారా చేస్తున్నది. రాళ్లను ఒకదాని మీద ఒకటి గోపురంలా పేర్చి ఫొటో దిగడం ఇప్పుడు ప్రతి జలపాతం దగ్గరా కనిపిస్తోంది. పేర్చడానికి పనికొచ్చే బల్లపరుపు రాళ్లే ఈ పురుగుకూ కావలసినవి. పైకి తీసిన రాయి ఎండలో ఆరితే దానికి అంటుకున్న గుడ్లు, కాడిస్‌ఫ్లై గూళ్లు, నాచు అన్నీ మాడిపోతాయి. పిల్లలు స్నానానికని రాళ్లతో కట్టే చిన్న అడ్డుకట్టతో ఒరవడి కాస్తా మడుగైపోతుంది. చూడటానికి రాయి ఎత్తినా, కింద ఉన్న ముఖమే మళ్లీ కిందికి వచ్చేలా, అదే గుంటలో, మెల్లగా బోర్లించాలి. విసిరేయకూడదు. ఎత్తిన గుంటలోకి ఈలోపు జరిగిన పురుగు నలిగిపోతుంది. వెళ్లేముందు మీరు కట్టిన అడ్డుకట్ట మీరే విప్పండి.

సబ్బు, షాంపూ సంగతి చాలామందికి తెలుసు. తెలియనిది కుంకుడుకాయ సంగతి. ‘సహజమే కదా’ అని వాగులోనే తల రుద్దుకుంటారు. కుంకుడులో నురగనిచ్చే సాపోనిన్లు మొప్పలతో ఊపిరి తీసే జీవులకు విషం. కొన్ని ప్రాంతాల్లో చేపలను మత్తెక్కించి పట్టడానికి కుంకుడు వాడకం ఉంది. తలస్నానమైనా గిన్నెలు కడగడమైనా నీళ్లు బిందెతో తోడుకుని, వాగుకు కనీసం 200 అడుగుల దూరంలో, నేలలో ఇంకే చోట చేసుకోవాలి. మిగిలిన అన్నం, పప్పు వాగులో పోస్తే ‘చేపలు తింటాయిలే’ అనుకుంటారు. చేపలు తిన్నది పోను మిగిలింది కుళ్లేటప్పుడు బ్యాక్టీరియా నీటిలోని ప్రాణవాయువును వాడేస్తుంది. చెట్టు నుంచి రాలిన ఆకు వాగుకు తిండే. నూనె, కూర అంటిన విస్తరి అలా కాదు. కార్లు వాగులోకి దించి కడగడం గురించి వేరే చెప్పనక్కర్లేదు.

పురుగుమందులు మరీ చిన్న మోతాదులో చంపేస్తాయి. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటి పైరెత్రాయిడ్ మందులు నీటి పురుగుల మీద అతి తీవ్రంగా పనిచేస్తాయి. మిరియాల తోటలో, కూరగాయల మడిలో వాడిన పంపును వాగులో కడిగితే ఆ దిగువ ఒరవడి మొత్తం ఖాళీ కావచ్చు. ఏజెన్సీ గ్రామాల్లో మలేరియా కోసం ఇళ్లలో చేసే పిచికారీ అవసరమే, దాన్ని ఆపమని ఎవరూ అనకూడదు. పని అయ్యాక డ్రమ్ములు కడిగే చోటు మాత్రం వాగు కాకూడదు. చేపల కోసం నీళ్లలో మందు కలిపేవాళ్లు చేపలతో పాటు వాటి మేతనూ తుడిచేస్తున్నారు. వచ్చే ఏడాది అక్కడ చేప ఎందుకు లేదో వాళ్లకు అర్థం కాదు.

వాగు ఒడ్డున విడిది నడిపేవాళ్లకు ఒక మాట. నియోపెర్లా రెక్కల పురుగులు రాత్రి దీపాలకు వస్తాయి. బతికే కొద్ది రోజుల్లో ఒక రాత్రి తెల్లటి లైటు చుట్టూ తిరిగి నేలరాలితే ఆ ఆడపురుగు గుడ్లన్నీ పోయినట్టే. దీపాలకు పైన మూత ఉండి వెలుగు నేలకే పడాలి, నీటి వైపు పడకూడదు. తెల్లటి ఎల్‌ఈడీల కన్నా పసుపు రంగువి మేలు. పదింటికల్లా ఆర్పేస్తే ఇంకా మంచిది. చెక్‌డ్యాముల గురించీ చెప్పాలి. భూగర్భ జలానికి అవి మేలు చేస్తాయి, కాదనం. కానీ వాలు ఎక్కువగా ఉన్న ఒరవడి మీద కడితే అది మడుగైపోయి మట్టి పేరుకుంటుంది. ఎలాగూ నిదానంగా పారే చోట కడితే నీరూ నిలుస్తుంది, ఒరవడీ మిగులుతుంది.

ఇంత చదివాక ఎవరైనా ‘స్టోన్‌ఫ్లై ఉంది, తాగేయొచ్చు’ అనుకుంటే ప్రమాదం. ఎగువన పశువులు, అడవి జంతువులు దిగిన నీటిలో రోగక్రిములు ఉండవచ్చు. వాటికీ ఈ పురుగుకూ సంబంధం లేదు. తాగేముందు తెర్లేదాకా కాచి, ఒక నిమిషం అలాగే మరగనివ్వాలి.

చివరగా పత్రికకు ఒక మనవి. వాగులు, నదుల కాలుష్యం మీద మీరు వేసే వార్తల్లో ప్రాణవాయువు అంకె ఉంటుంది. ఆ నమూనా ఎక్కడ తీశారో, ఏ తేదీన తీశారో, ముఖ్యంగా ఎన్ని గంటలకు తీశారో కూడా అచ్చువేయండి. నాచు ఉన్న నీటిలో ఎండ ఉన్నంతసేపూ ప్రాణవాయువు పెరుగుతూ పోతుంది, చీకటి పడ్డాక తరుగుతూ తెల్లవారుజామున అన్నిటికన్నా కిందికి దిగుతుంది. మధ్యాహ్నం రెండింటికి తీసిన నీరు లీటరుకు 7 మిల్లీగ్రాములు చూపిస్తే, అదే చోట తెల్లవారుజామున అయిదింటికి అందులో సగం కూడా లేకపోవచ్చు. రాయి కింద పురుగు ఆ తెల్లవారుజాము నీటిలోనూ ఊపిరి తీయాలి.

ఇట్లు,
మంచినీటి కీటకాల పరిశీలకులు కొందరు,
హైదరాబాద్